మొదటి కంచం

మా ఇంట్లో ఒకప్పుడు ఆరు వెండి కంచాలుండేవి. అంచుకు లోపలివైపున మా తాతగారి పేరు తెలుగు అక్షరాల్లో, సన్నని చుక్కలుగా కొట్టి చెక్కి ఉండేది. శ్రీకాకుళం వైపు మాకున్న ఊళ్ళు జమీందారీల రద్దుతో పోయాయి. మేడ దాయాదుల వ్యాజ్యంలో పోయింది. కంచాలు మాత్రం మా నాన్నతోపాటు రైలెక్కి కలకత్తా వచ్చాయి. భవానీపూర్‌లో మేం అద్దెకున్న రెండు గదుల్లో, మంచం కింద ట్రంకుపెట్టెలో, పాత పంచె ముక్కల్లో చుట్టి ఉండేవి. నాన్న జబ్బు పడినప్పుడు ఒకటి, ఆయన ఆఫీసులో సమ్మె నెలల తరబడి సాగినప్పుడు రెండు, అలా ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి. ఆఖరిదాన్ని అమ్మడానికి నాన్న నన్ను వెంట తీసుకెళ్ళాడు. వెండి కొట్టాయన అంచు మీది అక్షరాలను గోటితో గీకి చూసి, "ఈ రాత అరగదీయించాలి" అన్నాడు. "మేం వెళ్ళాక చేయించండి" అని నాన్న లేచాడు. దారిలో ఒక్క మాటే అన్నాడు: "మనది పెట్టే చెయ్యిరా. చాచే చెయ్యి కాదు." పెట్టడానికి ఏమీ మిగలనివాడు అన్న మాట అది. నేను నమ్మాను. చాలా ఏళ్ళు దాని మీదే బతికాను.

తాతగారి పేరే నాది. మనవడికి తాత పేరు పెట్టడం అందరిళ్ళలోనూ ఉన్నదే. మా ఊళ్ళలో ఇంకో పద్ధతి కూడా ఉండేది. మా భూములు దున్నేవాళ్ళు తమ పిల్లలకు జమీందారు పేరు పెట్టుకునేవారు. పెట్టుకుని, ఆ పేరుతో నోరారా పిలవడానికి జంకి, బుల్లోడనో పెద్దోడనో పిలిచేవారు. ఇది నేను ఇంట్లో కథగా విన్నాను. మనిషిగా చూసింది కాలేజీలో చేరిన మొదటి రోజున. హాజరు వేస్తూ నా పేరు పిలిస్తే, నాతోపాటు వెనక బెంచీలోంచి ఇంకొకడు లేచాడు.

అతని తాత మా ఇంట్లో పాలేరు. తండ్రి పొట్ట చేతపట్టుకుని హౌరా వచ్చి, రైలు పట్టాల పనిలో చేరి, టికియాపారాలో రైల్వే క్వార్టర్లో కాపురమున్నాడు. కొడుకు పుడితే, ఎక్కడో వదిలేసి వచ్చిన ఊరి జమీందారు పేరు పెట్టాడు.

మాస్టారు బెంగాలీ ఆయన. ఇద్దరు మద్రాసీలు, ఒకే పేరు. ఎగాదిగా చూసి, పొడుగ్గా ఉన్న అతన్ని 'బొరో' అనీ నన్ను 'ఛోటో' అనీ పిలవడం మొదలుపెట్టారు. పెద్ద, చిన్న. ఎత్తును బట్టి పెట్టినవేనని నాకు తెలుసు. తెలిసినా మూడేళ్ళూ గుచ్చుకుంటూనే ఉంది.

వారం తిరక్కుండా బొరో తండ్రి కొడుకుని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చాడు. చెప్పులు మెట్ల కిందే విప్పి, అరటిపళ్ళ అత్తం ఒకటి రెండు చేతులతో పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "పెద్దబాబుగారి మనవలు ఈ ఊర్లోనే ఉన్నారని మా గుంటడు సెప్పాడు బాబూ. సూసిపోదామని" అన్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు. మా నాన్న, ఎన్నో ఏళ్ళ తర్వాత, కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు. బొరో వీధి వైపు మొహం తిప్పుకుని నిలబడ్డాడు. మర్నాడు మైదానంలో నన్ను పక్కకు పిలిచి చెప్పాడు: "మా అయ్య నిలబడతాడు. నాను నిలబడను. ముందే సెప్పేస్తన్నాను. తరవాత మనసులో ఎట్టుకోకు."

ఆ మైదానంలో మేం ఆడింది క్రికెట్ కాదు, బేస్‌బాల్. ఆ ఊళ్ళో ఎవరికీ అక్కర్లేని ఆట. మా కాలేజీలో ఒక అమెరికా ఫాదర్ ఉండేవారు. లెక్కలు చెప్పేవారు. ఆయనే ఈ ఆట నేర్పారు. బ్యాట్లు హౌరాలో ఒక వడ్రంగి చేత చిత్రిక పట్టించి చేయించారు. తోలు గ్లౌజులు మొత్తం తొమ్మిదే. మా జట్టు బంతులు పట్టడం అయ్యాక వాటిని గడ్డి మీదే వదిలేసి వస్తే, అవతలి జట్టు వాటినే తొడుక్కునేది. ఇంకొకడి చెమటతో తడిసిన గ్లౌజులో చెయ్యి పెట్టడం నాకు చచ్చేంత కష్టంగా ఉండేది. పెట్టాను. ఆట బాగా ఆడేవాణ్ణి కాబట్టి పెట్టాను.

ఆ ఆటలో 'బంట్' అని ఒకటుంది. మనవాడు ఒకడు ఆఖరి మలుపు దాకా చేరి, ఇంటిగీతకు పరుగెత్తడానికి కాచుకుని ఉంటాడు. అప్పుడు బ్యాటు పట్టినవాడు బంతిని బాదకుండా, నడుం వంచి, బ్యాటు అడ్డం పెట్టి, బంతి తన కాళ్ళ ముందే పడేలా చేస్తాడు. వాళ్ళు దాన్ని ఏరి ఇతన్ని ఔట్ చేసేలోగా అవతలివాడు పరుగు పూర్తి చేస్తాడు. బంట్ చేసినవాడికి పేరూ రాదు, పరుగూ రాదు. స్కోరు పుస్తకంలో 'త్యాగం' అని మాత్రం రాస్తారు.

ఫాదర్ దానికి ఒక ఆచారం పెట్టారు. ఆట ముగిశాక మైదానం అంచున చెట్టు కింద రొట్టె, ఘుగ్ని పెట్టేవారు. ఉడికించిన బఠాణీల కూర అది. ఆ రోజు జట్టు కోసం తనను తాను ఔట్ చేసుకున్నవాడికి ఫాదర్ తన చేత్తో మొదటి ఆకు వడ్డించేవారు. అతను మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా ఎంత ఆకలైనా ఎవరూ ముట్టకూడదు. కెప్టెనైనా సరే. మూడో ఏడు కెప్టెన్ని నేను. బొరో ఎన్నిసార్లు మొదటి ఆకు తిన్నాడో నాకు లెక్క తెలియదు. నేను ఒక్కసారీ తినలేదు. నడుం వంచి బ్యాటు అడ్డం పెట్టడం నాకు చేతకాదని కాదు. చేయలేదు, అంతే. ఫాదర్ కూడా నా సంగతి గ్రహించి, బంట్ చేయమనే సైగ నాకు చేయడం మానేశారు.

ఒక్కసారి చేశారు. మేం గెలిచిన ఒకే ఒక్క ఫైనల్లో. ఆఖరి వంతు, పరుగులు సమానం, మావాడు ఆఖరి మలుపు దగ్గర పరుగుకు సిద్ధంగా ఉన్నాడు, బ్యాటు నా చేతిలో ఉంది. ఫాదర్ టోపీ అంచు పట్టుకుని మోచెయ్యి తాకారు. బంట్. నేను చూశాను. చూడలేదని తర్వాత అన్నాను కానీ చూశాను. బలమంతా కూడదీసుకుని బాదాను. బంతి నిట్టనిలువుగా లేచి, నా తల మీదుగా రెండు గజాల దూరంలో ఒకడి చేతిలో పడింది. తర్వాత బొరో వచ్చాడు. ఫాదర్ సైగ చేయకముందే వంగాడు. బంతి దుమ్ములో దొర్లింది, మావాడు ఇంటిగీత చేరాడు, బొరో ఔటయ్యాడు, మేం గెలిచాం. ఆ సాయంత్రం మొదటి ఆకు బొరోది. నాకు ఆకలి లేదని చెప్పి బస్సెక్కాను.

ఇరవై ఏళ్ళకు పైగా గడిచాయి. మా అమ్మాయికి ఈ ఆట గురించి చెప్పినప్పుడల్లా ఒక మాట చెప్పేవాణ్ణి: "మూడేళ్ళలో మీ నాన్న ఒక్కసారి కూడా బంట్ చేయలేదమ్మా." అది నిజమే. ఫైనల్లో ఫాదర్ చేసిన సైగ గురించి చెప్పలేదు.

అప్పటికి నేను వాట్‌గంజ్ దగ్గర నౌకల సరుకు పంపే ఒక చిన్న కంపెనీలో గుమాస్తాని. అక్కడ రేవు పనివాళ్ళలో శ్రీకాకుళం మనుషులు ఎందరో ఉండేవారు. నా యాస విని "మీదే ఊరండి?" అని అడిగితే, ఊరి పేరు చెప్పి ఇంటి పేరు చెప్పేవాణ్ణి కాదు. యూనియన్ వాళ్ళు చందాకొచ్చినా, ఊరేగింపుకు రమ్మన్నా, వీపు నిటారుగా పెట్టి నా కాగితాలు నేను చూసుకునేవాణ్ణి. "రాజాబాబుకి జెండా బరువు" అని నవ్వుకుని పోయేవారు. ఆ నవ్వులో ద్వేషం లేదు. ద్వేషించడానికైనా నా దగ్గర ఏదో ఒకటి ఉండాలి కదా.

అలాంటి రోజుల్లో ఉత్తరం వచ్చింది. ఫాదర్ పోయాక పాత ఆటగాళ్ళు ఒక సంఘం పెట్టుకున్నారని, ఏటా విందు చేసి పాతవాళ్ళలో ఒకరికి 'మొదటి కంచం' అని బహుమతి ఇస్తున్నారని విన్నాను. ఎన్నడూ వెళ్ళలేదు. ఉత్తరంలో కార్యదర్శి రాసింది ఇది: ఈ ఏటి మొదటి కంచం మీకు. వెండి పూత పూసిన కంచం, అంచు మీద మీ పేరు చెక్కించాం. ఆదివారం సాయంత్రం ఆరింటికి, మీ కుటుంబంలో ఒకరితో దయచేయండి.

కంచం. అంచు మీద ఆ పేరు.

నేను ఉత్తరాన్ని మళ్ళీ మళ్ళీ చదివాను. బంట్ చేయనివాడికి మొదటి కంచమేమిటన్న సందేహం అప్పుడే వచ్చింది, రాలేదని చెప్పను. ఫాదర్ పోయాక పద్ధతి మారిందనీ, ఒక ఏడు స్కోరు రాసినాయనకీ, ఇంకో ఏడు పాత కెప్టెన్‌కీ ఇచ్చారనీ ఎవరో చెప్పగా విన్న మాట పట్టుకుని ఆ సందేహాన్ని పక్కకు నెట్టాను. కెప్టెన్ని కదా. ఎవరినీ అడగలేదు. అడిగితే జవాబు వస్తుంది.

మా నాన్న పాత కోటును మా ఆవిడ బయటికి తీసి, మోచేతుల దగ్గర మెరుపు కనబడకుండా లోపలివైపు నుంచి ఇస్త్రీ చేసింది. మా అమ్మాయి అప్పుడే కాలేజీలో చేరింది. "నేనొస్తా నాన్నా, నీ టీమ్ వాళ్ళను చూడాలి" అంది.

విందు పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే ఒక ఇంట్లో. మెట్ల దగ్గరే కార్యదర్శి ఎదురొచ్చాడు. మా జట్టులో అవతలి చివర నిలబడేవాడు, ఎప్పుడో ఒకసారి బంతి వస్తే వదిలేసేవాడు. ఇప్పుడు పొట్ట, బంగారు కళ్ళజోడు.

"ఆరే ఛోటో! బతికే ఉన్నావా? రాజావారికి ఇన్నాళ్ళకు ప్రజలు గుర్తొచ్చారన్నమాట!"

"పిలిచారు కాబట్టి వచ్చాను."

"చూశారా, ఇంకా ఆ మెడ వంగలేదు. ఆ కోటు మీ తాతగారిదా ఏమిటి దాదా?"

"నాదే" అన్నాను.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మా అమ్మాయి కూడా నవ్వింది, ఆ కోటు ఎవరిదో దానికి తెలుసు కనక. డెబ్బై ఎనభై మంది ఉన్నారు. పొడుగు బల్లలు, వాటి మీద అరిటాకులు, ఆకు పక్కన మట్టి ముంతలో నీళ్ళు. ప్రతి ఆకు దగ్గరా అచ్చువేసిన అట్ట కార్డు ఒకటి పెట్టారు. వేదిక మీద ఎర్రగుడ్డ పరిచిన చిన్న బల్ల, దాని మీద కంచం. దూరం నుంచే దీపాలకు మెరుస్తోంది.

మేం కూర్చున్నాక మా అమ్మాయి కార్డు తీసి చదివింది. చదివి, నా వైపు తిప్పింది.

"నాన్నా, ఇది చూడు. ఫైనల్లో గెలుపు తెచ్చిన బంట్‌కి, అని రాశారు."

నేను ముంత అందుకుని నీళ్ళు తాగాను.

"నువ్వెప్పుడూ బంట్ చేయలేదు కదా? నువ్వే చెప్పావు కదా?"

"నెమ్మదిగా."

"అంటే ఇది నీది కాదు. ఇంకెవరిదో."

కార్డు మీద పేరుంది. కింద మా సంవత్సరం ఉంది. బొరో, ఛోటో అన్నవి మా నోళ్ళలోని పేర్లే. స్కోరు పుస్తకంలో ఇంటిపేర్లు రాయరు, అందులో మేమిద్దరం ఒకటే. అతని చిరునామా ఎప్పుడో ఖాళీ చేసిన రైల్వే క్వార్టర్‌ది అయ్యుంటుంది. నాది మారలేదు. ఉత్తరం నాకొచ్చింది. అంత సులువు.

పిలవని పేరంటానికి పోవడం మా ఇంట్లో చావుకంటే హీనం. నేను పిలుపు ఉత్తరం జేబులో పెట్టుకుని, కూతుర్ని వెంటబెట్టుకుని, ఇంకొకడి పేరంటానికి వచ్చి కూర్చున్నాను.

అప్పుడే బొరో వచ్చాడు. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, చేతిలో నల్ల పెట్టె. లోకల్ రైలు గార్డుట, డ్యూటీ దిగి సరాసరి వచ్చాడు. ఎవరో స్టేషన్లో కనబడి ఇవాళ విందని చెబితే వచ్చాడుట. నన్ను చూసి, పక్క బల్ల దగ్గరి కుర్చీ లాక్కుని మా ఎదురుగా కూర్చున్నాడు.

"ఏటోయ్ ఛోటో! తల నెరిసిపోనాది. ఈ పిల్ల నీ కూతురే? ఏటి సదువుతన్నావమ్మా?"

మా అమ్మాయి చెప్పింది. తెలుగు, బెంగాలీ కలిపి చెప్పింది. ఇంట్లో తప్ప తెలుగు మాట్లాడని పిల్ల, అతని మాట దానికి కొత్తగా ఉండి నవ్వుతోంది.

"మా ఇంట్లో గుంటలూ ఇంతే. నాను తెలుగులో తిడితే, బెంగాలీలో జవాబు సెప్తారు" అంటూ అతను కార్డు తీశాడు. చదివాడు. కార్డును రెండుగా మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"అయితే నీకన్నమాట" అన్నాడు.

"పొరపాటు జరిగింది. పేరు చూసి నాకు పంపారు" అన్నాను. "వేదిక మీద చెబుతాను. నిన్ను పిలుస్తాను."

ఈ మాట మా అమ్మాయి వింది. బొరో విన్నాడు.

"అదేటి, ఇప్పుడెందుకు..." అన్నాడు కానీ అతని చెయ్యి చొక్కా గుండీల మీదికి పోయింది. పై గుండీ పెట్టుకున్నాడు. "మా అయ్య ఉన్నాడింకా. ఎనభై దాటీసినాడు. ఈ కంచం సూపిస్తే..." అని ఆగి, నవ్వేశాడు. "నాకేటి పిచ్చా, ఆడికి కళ్ళే సరిగ్గా కనపడవు."

కార్యదర్శి నా పేరు పిలిచాడు.

నడుచుకుంటూ వెళ్ళాను. నిటారుగానే వెళ్ళాను. మైకు దగ్గర కార్యదర్శి ఫాదర్ గురించి చెప్పాడు, చెట్టు కింద ఘుగ్ని గురించి చెప్పాడు, ఫైనల్లో ఆఖరి బంట్ గురించి చెప్పాడు. అతను ఆ రోజు మైదానానికి రానే లేదు. కామెర్లు తగిలి ఇంట్లో ఉన్నాడు. చూసినట్టే చెప్పాడు. తర్వాత కంచం నా చేతుల్లో పెట్టాడు.

బరువు లేదు. లోపల ఇత్తడో ఏదో. కానీ అంచు మీద ఆ పేరుంది. అక్షరాలు ఇంగ్లీషువి. బొటనవేలితో తడిమాను. చెక్కుడు గరుగ్గా తగిలింది. వెండి కొట్టాయన గోరు గుర్తొచ్చింది. నా కళ్ళ ముందు నాన్న లేచి నిలబడ్డం కనబడింది. చెప్పాల్సిన మాట మూడు ముక్కలే: ఇది నాది కాదు. గొంతు దాకా వచ్చింది కూడా.

వంటవాళ్ళు రెండు పూరీలూ మాంసం కూరా కంచంలో వడ్డించారు. హాలంతా ఆగిపోయింది. ఆచారం మర్చిపోలేదు వాళ్ళు. ఎనభై ఆకుల ముందు ఎనభై చేతులు ఆగి ఉన్నాయి. "తినండి దాదా, తినండి, ఆకలేస్తోంది!" అని ఎవరో అరిస్తే నవ్వులు.

నేను బొరో వైపు చూశాను. అతను కుర్చీలోంచి సగం లేచి ఉన్నాడు. పిలుస్తానన్నాను కనక, పిలిచాక లేవడం మొరటుగా ఉంటుందని ముందే కాస్త లేచి, చొక్కా కింది అంచు సర్దుకుంటున్నాడు.

ముద్ద తుంచి నోట్లో పెట్టుకున్నాను.

చప్పట్లు కొట్టారు. మొదట కొట్టినవాడు బొరో. సగం లేచినవాడు కూర్చోకుండా, చప్పట్ల కోసమే లేచినట్టుగా పూర్తిగా నిలబడి కొట్టాడు. నా పరువు అతను అలా కాపాడాడు. నేను నిలబడనని పద్దెనిమిదేళ్ళప్పుడు చెప్పిన మనిషి.

వేదిక దిగి వచ్చేసరికి అతను తింటున్నాడు. "మాంసం బాగా సేసినారు" అన్నాడు. మా అమ్మాయి ఆకు ముట్టలేదు. అతను దాని ఆకులోకి తన పూరీ ఒకటి వేసి, "తినమ్మా, తిండి మీద కోపమేటి" అన్నాడు. అప్పుడు తింది. అతను లేచేటప్పుడు నేను "బొరో..." అన్నాను. "లాస్టు లాంచీ ఎల్లిపోద్ది" అని పెట్టె తీసుకుని వెళ్ళిపోయాడు. నది దాటే లాంచీలు ఇంకా చాలాసేపు తిరుగుతాయని ఇద్దరికీ తెలుసు.

ట్రాములో మా అమ్మాయి ఒక్క మాటే అంది. "చెబుతానన్నావు నాన్నా."

మా ఆవిడ కంచాన్ని అద్దాల బీరువాలో, మా నాన్న ఫొటో పక్కన నిలబెట్టింది. ఎవరైనా వస్తే చూపించేది. "వీళ్ళ తాతగారి పేరండి, ఈయనదీ అదే" అని చెప్పేది. మూడో రోజు భోజనాల దగ్గర మా అమ్మాయి లేచి వెళ్ళి, ఆ కంచం తెచ్చి నా ముందు పెట్టింది. "ఇందులో తిను. నీదే కదా" అంది. గొంతులో ఎగతాళి ఉందేమోనని చూశాను. లేదు. ఉంటే బావుండేది.

ఆ పై ఆదివారం కంచాన్ని చింతపండుతో రెండుసార్లు తోమాను. నేను తిన్నది, అందులో నా ఎంగిలి ఉంది. మా ఊళ్ళలో మా ఇంటి ఎంగిలాకుల్లో మిగిలింది పాలేర్ల ఇళ్ళకు వెళ్ళేదని చిన్నప్పుడు అమ్మ మామూలు సంగతిలా చెప్పేది. తోముతున్నంతసేపూ అదే గుర్తొచ్చింది. పాత పంచె ముక్కలో చుట్టుకుని, లాంచీలో నది దాటి, హౌరా స్టేషన్ వెనక సందుల్లోంచి టికియాపారా వెళ్ళాను. మా అమ్మాయిని రమ్మన్నాను. "నువ్వే వెళ్ళు" అంది.

అడిగితే చూపించింది పాత క్వార్టర్ కాదు, దాని అవతల రేకుల కప్పు ఇల్లు. వరండాలో నులకమంచం మీద ముసలాయన, బొరో తండ్రి. బొరో నన్ను చూసి లేవలేదు. దగ్గర్లో ఉన్న స్టూలు కాలితో నా వైపు జరిపితే కూర్చున్నాను. "ఎవరయ్యా?" అని ముసలాయన అడిగాడు. బొరో చెప్పాడు. ముసలాయన ఆ వయసులో, ఆ మోకాళ్ళతో, మంచం కోడు పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"కూర్చో అయ్యా" అన్నాడు బొరో.

"ఊరుకోరా, బాబొచ్చారు."

నేను గుడ్డ విప్పి కంచాన్ని బొరోకి ఇచ్చాను. "ఇది నీది" అన్నాను. అతను తీసుకున్నాడు. అంచు చూశాడు. తన పేరు తను చదువుకున్నాడు. ఆ క్షణంలో అతని మొహం చాలా చిన్న కుర్రాడి మొహంలా అయిపోయింది.

"ఏట్రా అది?" ముసలాయన చెయ్యి చాచాడు. వేళ్ళతో అంచు తడిమాడు. "రాతుంది. ఎవరి పేరు?"

బొరో పేరు చెప్పాడు. ముసలాయన కంచాన్ని రెండు కళ్ళకూ అద్దుకున్నాడు. "పెద్దబాబుగారి కంచం! ఎండి కంచాలుండీవి, నాను సూసినాను, సిన్నప్పుడు."

"కాదయ్యా!" బొరో గొంతు పెరిగింది. నేను ఆ గొంతు ఎప్పుడూ వినలేదు. "నాది. నాను ఆడినందుకు ఇచ్చినారు. నాకు. ఈయన్నడుగు కావాలంటే."

ముసలాయన నా వైపు మొహం తిప్పాడు.

"అవునండి" అన్నాను. "అతనిదే. పొరపాటున నాకు ఇచ్చారు."

పొరపాటు వాళ్ళది. నేను తెలిసే తీసుకున్నాను, అది పొరపాటు కాదు. చెప్పాల్సింది అది. నేను చెప్పింది ఇంతే.

ముసలాయన తల ఊపాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "తవఁరికిచ్చింది మావోడికి ఇచ్చేస్తన్నారా బాబూ" అన్నాడు. "అంతేలెండి. ఎక్కడున్నా పెట్టే సెయ్యి కదా తవఁరిది."

బొరో నన్ను చూస్తున్నాడు. ఇంకొక మాట చెబుతానేమోనని చూస్తున్నాడు. నేను వేదిక మీద ఉన్నప్పుడు కూడా అలాగే చూశాడు.

నేను లేచాను. ముసలాయన నిలబడే ఉన్నాడు కనక, కూర్చునే చెబితే బావుండదనుకున్నాను. నిలబడ్డాక చెప్పాలనుకున్నది పోయింది. "వస్తానండి" అన్నాను.

గేటు దాటుతుంటే వెనక కంచం శబ్దమైంది. తిరిగి చూశాను. బొరో వరండాలో చతికిలబడి, ఆ కంచంలో మరమరాలు పోసుకుని, తండ్రి వారిస్తున్నా వినకుండా, పిడికిళ్ళతో గబగబా తింటున్నాడు.